మా తోడికోడలు కనిపెట్టిన గుండె డాక్టరు

మా తోడికోడలు పోయి నెల దాటింది. పొద్దున పప్పులో తాలింపు వేస్తూ కింద పడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. మధ్యాహ్నానికి మనిషి లేదు. యాభై నాలుగేళ్ళు కూడా నిండలేదు.

పలకరించడానికి వచ్చినవాళ్ళలో సగం మంది నా చెయ్యి పట్టుకుని, "నీకు సొంత అక్కకన్నా ఎక్కువ కదమ్మా" అన్నారు. తల ఊపాను. ఏడ్చాను. అది దొంగ ఏడుపేమీ కాదు. కానీ ఆమె బతికున్నన్నాళ్ళూ నేను ఆమెను చూసి కుళ్ళుకున్నానన్నది కూడా నిజమే. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఇంకెవరికీ తెలియదనుకున్నాను.

ఆమె మా బావగారి భార్య. బావగారు ఎలక్ట్రీషియను. ఎల్లారెడ్డిగూడలో ఒకరింటికి ఫ్యాను బిగించడానికి వెళ్ళి, ఆ ఇంటి అమ్మాయిని ఇష్టపడి చేసుకున్నారు. మామగారిది ఒంగోలు వైపు. అమీర్‌పేటలో ఒక మెస్సులో వంటమాస్టరుగా పాతికేళ్ళు చేశారు. అత్తగారు ముందే పోయారు. పెద్దకొడుకు పెళ్ళి మాట ఎత్తినప్పుడు మామగారు, "ఆ పిల్ల మాట్లాడే తెలుగు నాకు సగం అర్థం కాదురా" అన్నారట. ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల ఇవ్వందే ఆయనకు కాఫీ దిగేది కాదు.

ఇదంతా నేను ఆ ఇంటికి రాకముందు సంగతి. నేను తణుకు నుంచి వచ్చినదాన్ని. ఎంసీఏ చదివి, అమీర్‌పేట మైత్రీవనం కోచింగ్ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగు కోర్సు చేసి, మాదాపూర్‌లో ఉద్యోగం తెచ్చుకున్నాను. మా ఆయన ఆ కోచింగ్ సెంటర్‌లోనే కంప్యూటర్లు చూసుకునేవారు. మైత్రీవనం వెనక సందులో మేడ మీద మూడు గదుల్లో అందరం కలిసి ఉండేవాళ్ళం. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఇంటి మలుపు దగ్గర కంపెనీ బస్సు ఆగేది కూడా నా కోసమే. నా స్థానం నాకు దానంతటదే వస్తుందనుకున్నాను. వచ్చి చూస్తే అక్కడ ఆమె కూర్చుని ఉంది.

మంగళసూత్రం చీర మడతల్లో దాగిపోయేది గాని, ఆమె మెడలో కొలత టేపు మాత్రం ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది. ముందు గదిలో కుట్టుమిషను. జాకెట్లు కుట్టేది. హాస్టళ్ళలో ఉండే అమ్మాయిలు ఇంటర్వ్యూలకు కొన్న చుడీదార్లు బిగించుకోవడానికి వచ్చేవాళ్ళు. మనిషి గుమ్మంలోకి రాగానే ఆమె కళ్ళతోనే కొలత తీసేది. టేపు పెట్టడం ఊరికే, ఎదుటివాళ్ళ నమ్మకం కోసం. అన్నం తినేటప్పుడు కూడా ఆ టేపు తీసేది కాదు. ఒకసారి పెళ్ళికి అలాగే వచ్చేసింది. భోజనాల దగ్గర ఎవరో చెప్తే నవ్వేసి సంచిలో పెట్టుకుంది. ఏదైనా గట్టి మాట చెప్పాలంటే ముందు నోట్లో దారం పెట్టుకుని పుటుక్కున కొరికేది. ఆ చప్పుడు వినబడితే ఇంట్లో అందరం తలెత్తేవాళ్ళం.

కొత్తవాళ్ళతో మాట్లాడటానికి ఆమెకు పరిచయం అక్కర్లేదు. సిటీ బస్సులో పక్క సీటు మనిషి దిగేలోపల వాళ్ళ ఊరు, పిల్లల చదువులు, అత్త పోరు అన్నీ తెలుసుకునేది. నాకు సిగ్గేసేది.

"ఎందుకక్కా అందర్నీ అలా అడుగుతావు?" అనేదాన్ని.

"అడుగుతె పోయేదేముంది చెల్లె, మాటనే గద."

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది భోజనాల దగ్గర. నేను పులుసు పెడితే మామగారు తిని, "బాగుందమ్మా" అనేవారు. అంతే. ఆమె పెడితే, "ఏమే, చింతపండు దండగ చేశావు, మెంతిపొడి ఏదీ? పాతికేళ్ళు వంట చేసినవాడి ఇంట్లో ఈ పులుసా?" అని తిడుతూ రెండోసారి వడ్డించుకునేవారు. నన్ను ఒక్కసారీ తిట్టలేదు. నాతో 'అమ్మా', ఆమెతో 'ఏమే'. ఆ 'ఏమే' కోసం నేను ఎన్ని ఆదివారాలు వంటింట్లో చెమటలు కక్కానో ఎవరికీ తెలియదు.

మా పెళ్ళైన మూడో ఏట మామగారికి జబ్బు చేసింది. ఒకరోజు కూరగాయల సంచితో మేడ ఎక్కుతూ సగం మెట్ల మీద కూర్చుండిపోయారు. ఛాతీలో రాయి పెట్టినట్టుందన్నారు. పరీక్షలన్నీ చేసి, గుండె రక్తనాళాల్లో మూడుచోట్ల అడ్డంకులున్నాయని, బైపాస్ ఆపరేషన్ తప్పదని చెప్పారు. ఎంత తొందరగా చేయిస్తే అంత మంచిదన్నారు.

ఆ సాయంత్రం అందరూ దిగాలుగా కూర్చుని ఉంటే నేను నిలబడి, "మా కంపెనీ ఇన్సూరెన్సు ఉంది. మామయ్యగారి సంగతి నేను చూసుకుంటాను. మీరెవరూ బెంగపడకండి" అన్నాను. మామగారు నా వైపు తలెత్తి చూసిన ఆ చూపు నాకిప్పటికీ గుర్తు. మూడేళ్ళలో ఆయన నన్ను నిజంగా చూసింది అప్పుడే.

మర్నాడు ఆఫీసులో అడిగితే, మా పాలసీలో భర్త, పిల్లలు మాత్రమే ఉంటారని, అత్తమామలకు వర్తించదని తేలింది. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పడానికి నాకు గంట పట్టింది. ఆమె మిషను తొక్కుతూ, తల తిప్పకుండానే అంది:

"పోనీ తీ చెల్లె. మామకు తెల్ల కార్డున్నది గద."

ప్రభుత్వం తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్ళకి పెద్ద ఆపరేషన్లు బీమా కింద ఉచితంగా చేయించడం మొదలుపెట్టిన కొత్త అది. కార్డు ఉందంటే పని అయిపోయినట్టేనని అందరూ అనుకునేవాళ్ళు. నేనూ అలాగే అనుకున్నాను. ఆఫీసులో ఇంటర్నెట్ చూసి, ఆ బీమాలో చేరిన ఆసుపత్రుల జాబితా ప్రింటు తీశాను. రెండు రోజులు సెలవు పెట్టి, ఆటోలో తిరిగాను. ఈ పనైనా ఆమెకన్నా ముందు చెయ్యాలి, నా పంతం అదే.

అప్పుడు తెలిసింది, ఆసుపత్రి బీమాలో ఉండటం వేరు, గుండె డాక్టరు ఉండటం వేరని. బంజారా హిల్స్‌లో అద్దాల ఆసుపత్రిలో, "మా హాస్పిటల్ ఉంది మేడమ్, కానీ బైపాస్ చేసే సర్ కార్డు కేసులు తీసుకోరు" అన్నారు. ఇంకోచోట ఈ నెల కార్డు మంచాలు నిండిపోయాయి, వచ్చే నెల కనుక్కోమన్నారు. మరోచోట జాబితాలో ఉన్న డాక్టరు ఆసుపత్రి వదిలి ఏడాదైందట. పంజాగుట్టలో పెద్దరోడ్డు నుంచి లోపలికి ఒక సందు, ఆ సందులో రంగు వెలిసిన నాలుగంతస్తుల ఆసుపత్రి. అక్కడ రిసెప్షన్‌లో అమ్మాయి కంప్యూటరు చూసి, "గుండె డాక్టర్ గారి అపాయింట్‌మెంట్ రెండు నెలల దాకా లేదండీ" అంది. జాబితాలో ఆ పేరు కూడా కొట్టేశాను.

మూడోరోజు శనివారం. ఆమె చెప్పులేసుకుని, "దా చెల్లె, ఒకసారి నడిసొద్దాం" అంది. నా దగ్గర జాబితా ఉంది, ఆమె మెడలో టేపు ఉంది. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఇద్దరం నడిచాం. నేను కొట్టేసిన ఆ సందు ఆసుపత్రి ముందు ఆగింది.

"ఇక్కడ కనుక్కున్నానక్కా. రెండు నెలలన్నారు."

"ఎవర్నడిగినవ్?"

"రిసెప్షన్‌లో."

"ఆ పిల్లకేం తెలుసు? బోర్డు చూడకు చెల్లె, బెంచీ చూడు."

లోపలికి వెళ్ళాక ఆమె రిసెప్షన్ వైపు కన్నెత్తి చూడలేదు. మెట్ల కింద ఉన్న పొడవాటి చెక్కబెంచీ దగ్గరికి పోయింది. ప్లాస్టిక్ కవర్లలో ఎక్స్‌రేలు, టిఫిన్ డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని కొందరు కూర్చుని ఉన్నారు. ఆమె ఒక ముసలామె పక్కన జరిగి కూర్చుంది.

"అవ్వా, ఎవరికి బాగలేదు?"

"మా ఆయనకు బిడ్డా. గుండె ఆపరేషనైంది. ఎనిమిది దినాలాయె."

"కార్డు మీదనే చేసిన్రా?"

"కార్డు మీదనే."

"ఉత్తగనే చేసిన్రా, మందులు బయటికెల్లి తెమ్మన్నరా?"

"ఏం తేలే బిడ్డా. అన్నీ ఆళ్ళే ఇచ్చిన్రు. ఆ సారు దేవుడసుంటోడు. మంగళారం, శుక్రారం రెండు కొట్టినంక ఎనక తలుపుకాడ కార్డోళ్ళను చూస్తడు. ముందటికెల్లి పోతే దొర్కడు."

అయిదు నిమిషాలు. నా రెండు రోజుల సెలవు, జాబితా, ఆటోలు ఒకెత్తు, ఆ బెంచీ మీద అయిదు నిమిషాలు ఒకెత్తు. ఆమె లేచి చీర దులుపుకుంటూ నా వైపు చూసి నవ్వింది. గెలిచిన నవ్వు కాదు, మామూలు నవ్వే. అదే నాకు మండింది. గెలిచినట్టు నవ్వితే తిట్టుకోవడానికైనా ఉండేది.

మంగళవారం మామగారిని తీసుకెళ్ళాం. నేనూ సెలవు పెట్టి వెళ్ళాను. వెనక తలుపు దగ్గర చిన్న గదిలో ఆ డాక్టరు. సన్నటి మనిషి, చొక్కా చేతులు మోచేతిదాకా మడిచి ఉన్నాయి. రిపోర్టులు ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చూశాడు. ఆయన అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆమే జవాబు చెప్పింది. ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటారో, ఏ మెట్టు మీద ఆయాసం వస్తుందో, ఎన్ని దిండ్లు పెట్టుకుంటే నిద్రపడుతుందో అన్నీ. ఫైలు పట్టుకుని నేను పక్కన నిలబడ్డాను.

డాక్టరు మామగారిని అడిగాడు: "ఈమె మీ అమ్మాయా?"

"పెద్ద కోడలండీ" అన్నారు మామగారు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "అమ్మాయనే రాసుకోండి" అన్నారు.

నేనెవరో డాక్టరు అడగలేదు. మామగారూ చెప్పలేదు.

బయట బీమా కౌంటరులో అమ్మాయి కాగితాలన్నీ చూసి నకళ్ళు తీసుకుంది. బీమావాళ్ళ అనుమతి రావడానికి వారం పట్టొచ్చని, రాగానే ఫోన్ చేస్తానని చెప్పి నెంబరు అడిగింది. మా తోడికోడలికి సెల్‌ఫోన్ లేదు. కింద కిరాణా కొట్లో ఫోన్ ఉంటే, కొట్టాయన కేకేస్తే దిగి వెళ్ళి మాట్లాడేది.

"నీ నెంబర్ ఇయ్యి చెల్లె" అంది నాతో.

ఆ మొత్తం వ్యవహారంలో నాకు దక్కింది ఆ పది అంకెలే.

మళ్ళీ వారం సోమవారం, ఆఫీసులో ఉండగా ఫోనొచ్చింది. గోడ మీద గడియారం పదకొండు చూపిస్తోంది. "అనుమతి వచ్చిందండీ. సాయంత్రం నాలుగులోపల పేషెంటును చేర్పించండి. రేపు పొద్దున ఆపరేషన్ లిస్టులో పెట్టాం. రాకపోతే మంచం తర్వాతవాళ్ళకి ఇచ్చేస్తాం" అంది కౌంటరు అమ్మాయి.

కిరాణా కొట్టుకు ఫోన్ చేస్తే సరిపోయేది. ఆమె దిగి వచ్చేది, విని మేడెక్కేది, అరగంటలో మామగారిని ఆటో ఎక్కించేది. నెంబరు నొక్కాను కూడా. మోగకముందే కట్ చేశాను. ఆమె తీసుకెళ్తే ఇది కూడా ఆమె ఖాతాలోకే పోతుందనిపించింది. నేనే వెళ్ళి, "మామయ్యగారూ, పదండి, అన్నీ అయ్యాయి" అని నా నోటితో చెప్పాలి. నా చెయ్యి పట్టుకుని ఆయన ఆసుపత్రి మెట్లెక్కాలి. ఒంటిగంటకు బయలుదేరినా చాలు కదా అనుకున్నాను.

ఒంటిగంటకు మీటింగు పెట్టారు. రెండు దాటాక బయటపడ్డాను. యూసుఫ్‌గూడ దగ్గర ఆటో కదల్లేదు. ఇంటికొచ్చేసరికి మూడున్నర. ఆమె లేదు, జాకెట్లు ఇచ్చి రావడానికి ఎస్.ఆర్. నగర్ వెళ్ళిందట. మామగారు నిద్రలో ఉన్నారు. లేపి చెప్పాను. ఆయన మొహం కడుక్కుని, తెల్ల చొక్కా తొడుక్కుని, దేవుడికి దణ్ణం పెట్టుకునేసరికి ఇంకో పావుగంట. కార్డు, రిపోర్టులు ఎక్కడున్నాయో నాకు తెలియదు. బీరువా వెతికాను, పరుపుల కింద వెతికాను. చివరికి కుట్టుమిషను సొరుగులో, దారపు ఉండల కింద దొరికాయి. మేం ఆసుపత్రికి చేరేసరికి నాలుగూ ముప్పావు.

మంచం ఇచ్చేశారు. కౌంటరు అమ్మాయి ఆ పూటకి వెళ్ళిపోయింది. ఇంకెవరో చూసి, మళ్ళీ వరస రావడానికి పన్నెండు రోజులు పడుతుందన్నారు.

"ఏంటమ్మా, ఏమంటున్నారు?" అని అడిగారు మామగారు.

"వాయిదా వేశారు మామయ్యగారూ" అన్నాను.

ఆయన నమ్మారు. చొక్కా నలగకుండా జాగ్రత్తగా ఆటోలో కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్నే, ఎందుకు వాయిదా వేశారో కనుక్కుంటానని ఆమె పంజాగుట్ట వెళ్ళింది. నేను ఆఫీసుకు వెళ్ళలేదు. తలనొప్పి అని పడుకున్నాను. కౌంటరు అమ్మాయి చెప్పేస్తుందని తెలుసు. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు వినబడుతుంటే లేచి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆమె లోపలికి వచ్చింది. నా వైపు ఒక్కసారి చూసింది. కళ్ళతోనే కొలత తీసే చూపు అది. బావగారు, మా ఆయన, మామగారు ముందు గదిలో ఉన్నారు.

ఆమె మిషను దగ్గర కూర్చుని దారం కొరికింది.

"తప్పు నాదే. నిన్న పొద్దుగాల్నే రమ్మని కొట్టుకు ఫోన్ జేసిన్రు. నేను సరిగ్గ ఇనలే. ఇయ్యాల అనుకున్న. మేం రాకపోయేసరికి మల్ల చెల్లెకు చేసిన్రు, గప్పటికే ఆలస్యమైంది."

బావగారు లేచి నిలబడ్డారు. "నీకు బుద్ధుందా? అది గుండె ఆపరేషన్! సినిమా టికెట్ అనుకున్నావా?" అని వీధి వీధంతా వినబడేలా అరిచారు. ఆమె తల వంచుకుని సూదిలో దారం ఎక్కించింది. మా ఆయన మొహం ఎర్రబడింది గాని వదినను ఏమీ అనలేక బయటికి వెళ్ళిపోయారు. నేను గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. నోరు తెరిచాను కూడా. మళ్ళీ మూసుకున్నాను.

మామగారు అన్నారు: "పోనీలేరా, అరవకు. ఆ డాక్టర్ను పట్టుకొచ్చిందే అది. అది లేకపోతే ఈ మాత్రం కూడా లేదు."

అంత తప్పు నెత్తిన వేసుకున్నా ఆమె మీద ఆయనకు ఇష్టం ఇసుమంత తగ్గలేదు. సిగ్గుతో చావాల్సిన ఆ నిమిషంలో కూడా నాకు ముందుగా వచ్చింది అసూయే. ఎవరు నమ్మినా నమ్మకపోయినా, అది నిజం.

పన్నెండు రోజులు గడవలేదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం మామగారికి నొప్పి వచ్చింది. ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. వీపు మీద మోసినట్టే మెట్లు దింపి, ఆటోలో వేసుకుని, పంజాగుట్ట వెనక తలుపు దగ్గరికే తీసుకెళ్ళింది. ఆ డాక్టరు వెంటనే లోపలికి తీసుకున్నాడు. నాలుగు రోజులు ఐసీయూలో ఉంచి, అయిదో రోజు ఆపరేషన్ చేశాడు. అయిదు గంటలు పట్టింది. బెంచీ మీద మేం నలుగురం వరసగా కూర్చున్నాం. బయటికి వచ్చి, ప్రాణానికి భయం లేదన్నాడు. "కానీ ఆ నొప్పితో గుండె కండ కొంత దెబ్బతింది. ముందే చేసుంటే బాగుండేది. బరువులెత్తకూడదు, వేడి దగ్గర నిలబడకూడదు" అన్నాడు.

మామగారు ఇంకో తొమ్మిదేళ్ళు బతికారు. మనవలను చూసుకున్నారు. కానీ మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడలేదు. కుర్చీ వంటింటి గుమ్మంలో వేయించుకుని, "ఇంగువ వేసి దించు" అని చెప్పడం దాకానే. మెస్సువాళ్ళు ఒకటి రెండుసార్లు వచ్చి పిలిచారు. ఆయన తన చేతులు చూసుకుని వద్దన్నారు. అప్పుడు నేను ఇంకో గదిలోకి వెళ్ళిపోయాను.

ఆపరేషనైన ఏడాదికి, ఒక మధ్యాహ్నం ఆమె నాకు జాకెట్ కొలతలు తీస్తోంది. ఇంట్లో ఎవరూ లేరు. టేపు నా భుజం మీద పెట్టి, నోట్లో గుండుసూదులు పెట్టుకుని వెనక నిలబడి ఉంది. ఆమె మొహం కనబడదు కాబట్టి అడగగలిగాను.

"అక్కా, ఆ రోజు నిజం ఎందుకు చెప్పలేదు?"

ఆమె సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది.

"చెప్తే ఏమైతుండె? నువ్వు ఈ ఇంట్ల ఉంటుంటివా? మొగన్ని తీస్కొని కూకట్‌పల్లి పోతుంటివి. ముసలాయనకు చిన్నకొడుకు దూరమైతుండె. ఆపరేషన్ ముంగట గా లొల్లి మంచిగుంటదా?"

"అంతేనా?"

"చెయ్యి లేపు." చంక కొలత తీసింది. "నీ మీద ప్రేమతోని చేసిననుకోకు చెల్లె. నాకు సుత మస్తు కోపమొచ్చింది. గని చూసినవా, గా దినం నుంచి నువ్వు నా మాటకు ఒక్కసారి అడ్డం చెప్పలే. గదే నాకు సాలు."

నేను తిరిగి చూశాను. నవ్వుతోంది. ఈసారి మాత్రం గెలిచిన నవ్వే.

మా మధ్య దాపరికం లేకుండా సాగిన సంభాషణ అదొక్కటే. తర్వాత మేమిద్దరం మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆమె అన్న మాట నిజం. పండక్కి ఏ చీరలు కొనాలన్నా, పిల్లల్ని ఏ బడిలో వెయ్యాలన్నా, ఆమె ఔనంటే ఔను. అందరూ మా సఖ్యత చూసి ముచ్చటపడేవారు.

ఆ డాక్టరు సంగతి మాత్రం బస్తీ అంతా పాకింది. గుండె మీద చెయ్యేసుకుని ఎవరు వచ్చినా ఆమె మిషను ఆపేది. "కార్డున్నదా? మంగళారం పోదాం, నేనొస్త" అనేది. ఆయన ఆ ఆసుపత్రి వదిలి వేరేచోటికి మారితే అక్కడా బెంచీలు వెతికి పట్టుకుంది. మా ఆఫీసులో ఆఫీసు బాయ్ తండ్రికి అవసరమైతే, నేనే ఆమె దగ్గరికి పంపాను. అతను తర్వాత నాకు స్వీట్లు తెచ్చి, "మీ అక్క ఉన్నరు సూడు మేడమ్, అసలు..." అని గంటసేపు ఆమె గురించే చెప్పాడు. ఆ స్వీట్ల డబ్బా విప్పకుండానే పక్క సీటు అమ్మాయికి ఇచ్చేశాను.

తర్వాత మేం నిజాంపేటలో ఫ్లాటు కొనుక్కుని వచ్చేశాం. మామగారు పోయాక రాకపోకలు తగ్గాయి. మా ఆయన మాత్రం తండ్రి గుర్తొచ్చినప్పుడల్లా అనేవారు: "ఆ రోజు వదిన కాస్త చెవిపెట్టి విని ఉంటే, నాన్న మళ్ళీ వంట చేసేవాడు." ఏడాదికి రెండు మూడుసార్లు ఆ మాట వచ్చేది. పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతూనో, ఫోను చూసుకుంటూనో వినేదాన్ని.

ఆమె పోయిన పదకొండో రోజున, వచ్చినవాళ్ళంతా భోజనాలు చేసి వెళ్ళిపోయాక, బావగారు బాల్కనీలో ఒక్కరే కూర్చున్నారు. మా ఆయన నాకంటే ముందే వెళ్ళిపోయారు. నేను వెళ్ళి బావగారి పక్కన నేల మీద కూర్చున్నాను. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"బావగారూ, ఆ రోజు ఆసుపత్రి ఫోన్ అక్కకు రాలేదు. నాకు వచ్చింది. నేనే చెప్పలేదు."

ఆయన కళ్ళజోడు తీసి పంచె చివరతో తుడుచుకున్నారు.

"తెలుసమ్మా."

నాకు అర్థం కాలేదు.

"ఆ పూటే చెప్పింది. నలుగురిలో దాని మీద అరిచాను కదా. తర్వాత నన్ను కింద మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పింది. నువ్వు నోరు విప్పేదాకా నేను విప్పకూడదని ఒట్టు వేయించుకుంది."

"మరి మీకు నా మీద కోపం రాలేదా?"

"రాకేం? నాన్న కుర్చీలో కూర్చున్నప్పుడల్లా వచ్చేది. రెండేళ్ళు నీ చేత్తో ఇచ్చిన కాఫీ తాగలేదు, నువ్వు గమనించలేదు. కోపమొచ్చినప్పుడల్లా దానికే చెప్పుకునేవాణ్ణి. అదీ చెప్పుకునేది, మీ మరదలు ఇట్ల చేసింది, అట్ల చూసింది అని. ఇద్దరం నిన్ను కావలసినంత తిట్టుకునేవాళ్ళం. చివరికి అదే, 'ఇగ సాలు తీయి, పాపం చిన్నపిల్ల' అనేది." ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "ఇప్పుడు ఎవరితో చెప్పుకోవాలో తెలీడం లేదమ్మా."

అమీర్‌పేటలో మెట్రో ఎక్కాను. జనం ఉన్నారు, నిలబడే ఉన్నాను. మామగారి 'ఏమే', డాక్టరు నోటి 'మీ అమ్మాయా', బస్తీ అంతా ఆమెకు పెట్టిన దండాలు, ఇన్నాళ్ళూ నేను కుళ్ళుకున్నది వీటి కోసం. అసలైనది నాకు కనబడనే లేదు. ఆమెకు కోపం వచ్చిన రోజే కోపం చెప్పుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. నా తప్పును పదిహేడేళ్ళు వాళ్ళిద్దరూ చెరో చెయ్యీ వేసి మోశారు. నేను మాత్రం ఒక్కదాన్నే మోశాను, పక్కనే మనిషిని పెట్టుకుని. ఆమె మీద అంత అసూయ నాకు ఆమె బతికుండగా కూడా కలగలేదు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన టీవీ చూస్తున్నారు. కట్టేయమన్నాను.

"ఏంటి, ఏమైంది?" అన్నారు.

కుర్చీ లాక్కుని ఆయనకు ఎదురుగా కూర్చున్నాను. ఆఫీసులో పదకొండింటికి నాకు ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి మొదలుపెట్టాను.